పెరటి గుమ్మడి: కోత, ఆరుదల, నిల్వ – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

సంక్రాంతి వెళ్లిన తర్వాత వచ్చే ఉత్తరాల్లో గుమ్మడికాయల మీద ఫిర్యాదులు ఏటా ఉండేవే గానీ, ఈసారి అవి మరీ ఎక్కువగా వచ్చాయి. అందువల్ల మిగిలిన ప్రశ్నలను పక్కన పెట్టి, ఈ సంచికను పూర్తిగా గుమ్మడికే కేటాయిస్తున్నాం. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి, ఐదింటికి జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న: మా పెరట్లో పెంటకుప్ప పక్కన పెట్టిన తీపి గుమ్మడి పాదుకు ఈ ఏడాది తొమ్మిది కాయలు కాశాయి. ధనుర్మాసం మొదట్లో అన్నింటినీ ఒకేరోజు కోయించి, వంటింటి గచ్చు మీద వరుసగా పేర్చాను. కనుమ దాటేసరికి నాలుగు కాయలు అడుగున మెత్తబడి నీరు కారాయి. తమ కాలంలో ఇదే పెరట్లో కాసిన కాయలు ఉగాది దాకా నిలిచేవని మా అత్తగారు అంటున్నారు. పొరపాటు ఎక్కడ జరిగింది? కోసిన తర్వాత కాయలకు ఏమైనా చేయాలా?
– ఒక పాఠకురాలు, తణుకు దగ్గరి పల్లె

జవాబు: కాయలన్నింటినీ ఒకేరోజు కోయించడంతోనే సగం నష్టం జరిగిపోయిందమ్మా, మిగిలిన సగం గచ్చు చేసింది.

ఒకే పాదుకు కాసినంత మాత్రాన తొమ్మిది కాయలూ ఒక ఈడువి కావు. మొదలుకు దగ్గరగా నిలిచిన పిందెకూ, తీగ కొసన నిలిచిన పిందెకూ మధ్య మూడు నాలుగు వారాల తేడా ఉండడం మామూలే. ఆడపువ్వు విచ్చి పిందె నిలిచిన నాటి నుంచి కాయ ముదరడానికి తక్కువలో తక్కువ 45 నుంచి 50 రోజులు పడుతుంది. పెద్ద కాయలకు 60 రోజులు ఇచ్చినా తప్పు లేదు. చాలామంది పొరబడేది ఇక్కడే. గుమ్మడికాయ తన పూర్తి పరిమాణానికి మూడు నాలుగు వారాల్లోనే చేరుకుంటుంది. ఆపైన అది పెరగదు గానీ, లోపల మాత్రం పని సాగుతూనే ఉంటుంది: తొక్క గట్టిపడుతుంది, గింజ నిండుతుంది, కండలో పిండిపదార్థం చేరుతుంది. కాబట్టి నాలుగో వారంలో కోసిన కాయా, ఏడో వారంలో కోసిన కాయా చూపుకు ఒకేలా ఉండవచ్చు. కూర వండుకోవడానికి రెండూ పనికివస్తాయి, దాచుకోవడానికి రెండోది మాత్రమే పనికివస్తుంది. మీకు కుళ్లిపోయిన నాలుగూ తీగ కొసన కాసినవే అయి ఉంటాయని నా అనుమానం.

కాయ ముదిరిందో లేదో తెలుసుకోవడానికి నేను మొట్టమొదట తొడిమను చూస్తాను. లేత కాయ తొడిమ పచ్చగా, నిగనిగలాడుతూ, గోరు గుచ్చితే జిగురు చిమ్మేలా ఉంటుంది. ముదిరిన కాయ తొడిమ రంగు తిరిగి, కణుపులు తేలి, ఎండుకర్రలా బిరుసెక్కుతుంది. తీగ ఇంకా పచ్చగానే ఉన్నా తొడిమ ఇలా మారిందంటే, ఆ కాయకు తీగ నుంచి అందవలసినది దాదాపు అందినట్టే. ఆ తర్వాత తొక్క మీద బొటనవేలి గోటిని నొక్కి చూడాలి; గోరు దిగితే ఆ కాయ ఇంకా పాదు మీద ఉండవలసినదే. కాయ మీది మెరుపు పోయి సన్నని మసక పొర కమ్మడం, నేలకు ఆనిన చోట తెల్లని మచ్చ పసుపు రంగుకు మారడం కూడా నమ్మదగిన గుర్తులే. కాయను తట్టి, చప్పుడును బట్టి ముదురు చెప్పగలవారు ఉన్నారు. నాకు ఆ చెవి లేదు, పుచ్చకాయల దగ్గర కూడా చాలాసార్లు మోసపోయాను. మీకూ లేకపోతే చింతించనక్కరలేదు, గోరు చాలు.

కోతకు వారం పది రోజుల ముందు పాదుకు నీరు ఆపివేసి, మంచు ఆరిన తర్వాత, వాన లేని రోజున, పదునైన కత్తితో నాలుగంగుళాల తొడిమ కాయకే ఉండేలా కోయాలి. మెలిపెట్టి తెంపకూడదు. కోసిన కాయను రెండు చేతులా అడుగు నుంచి ఎత్తాలే తప్ప తొడిమ పట్టుకుని ఎత్తకూడదు. ఈ మాట నేను డబ్బు ఖర్చు లేకుండా నేర్చుకున్నాను గానీ కాయ ఖర్చయింది. ఏడెనిమిది కిలోల కాయను తొడిమ పట్టుకుని గడప దాటిస్తుండగా, తొడిమ చేతిలోనే ఉండి కాయ జారింది. అదృష్టవశాత్తూ గోనెసంచి మీద పడడం వల్ల పగల్లేదు, పైకి ఒక్క గీత కూడా కనిపించలేదు. పన్నెండో రోజున తొడిమ ఊడిన గుంటలో రూపాయి బిళ్లంత నల్లటి వలయం ఏర్పడింది. మరో నాలుగు రోజులకు అందులో వేలు దిగింది, పులిసిన కల్లు వాసన వచ్చింది. తొడిమ ఆ కాయకు బిరడా వంటిది. బిరడా ఊడిన కాయను దాచకూడదు, ఆ వారంలోనే వండుకోవాలి.

ఇక కోసిన తర్వాత చేయవలసిన పని గురించి. ఎంత జాగ్రత్తగా కోసినా తొక్క మీద కంటికి ఆనని గీతలు కొన్ని పడతాయి. ఆ గీతల దగ్గర కాయ తనంతట తానే బెరడు వంటి పలుచని పొర అల్లుకుని గాయాన్ని మూసుకుంటుంది. అయితే ఆ పని వెచ్చదనంలోనే చురుకుగా సాగుతుంది. దీన్నే ఉద్యానశాఖ వారు క్యూరింగ్ అంటారు, ఉల్లిపాయల విషయంలో రైతులు ఆరబెట్టడం అనేది కూడా ఇటువంటిదే. చలి దేశాల్లో ఇందుకు 27 నుంచి 29 డిగ్రీల సెల్సియస్ వేడి, గాలిలో 80 నుంచి 85 శాతం తేమ, 10 రోజుల గడువు అని లెక్క చెబుతారు. అక్కడ వేడిగది ఏర్పాటు చేసుకోవాలి. మనకు ఆ తిప్పలు లేవు. పుష్యమాసపు పగటిపూట గోదావరి జిల్లాల్లో ఇంటి వసారాలోనే ఇంచుమించు అంత వెచ్చదనం ఉంటుంది. కాయల మీది మట్టిని పొడిగుడ్డతో తుడిచి, కడగకుండా, గాలి ఆడే వసారాలో ఒకదానికొకటి తగలకుండా పది రోజులు ఉంచి, రెండు రోజులకోసారి కాస్త తిప్పితే చాలు. రాత్రి మంచు మాత్రం వాటి మీద పడకూడదు. పొద్దుటి లేత ఎండ తగిలితే మంచిదే. నడినెత్తి ఎండలో పెడితే తొక్క ఒకవైపు కాలి తెల్లబడి, కుళ్లు అక్కడి నుంచే మొదలవుతుంది.

ఆరబెట్టడం గాయాన్ని మాన్పుతుందే గాని, పచ్చి కాయను ముదరబెట్టదు, మొదలైన కుళ్లును ఆపదు. ఈ తేడా మరచిపోయి, లేత కాయలను పదిహేను రోజులు ఎండబెట్టి ఆశపడేవారు చాలామంది.

గచ్చు సంగతి. రాత్రి చల్లబడిన గచ్చుకూ కాయ అడుగుకూ మధ్య చెమ్మ చేరుతుంది, గాలి ఆడక అది ఆరదు. కాయలు అడుగునే మెత్తబడ్డాయని మీరు రాసినదానికి కారణం ఇదే. ఎండుగడ్డితో కుండల కింద పెట్టే కుదుర్ల వంటివి చుట్టి, ఒక్కొక్క కాయను ఒక్కొక్క కుదురు మీద తొడిమ పైకి వచ్చేలా కూర్చోబెట్టండి. వంటింట్లో వద్దు, ఆవిరీ పొగా తగులుతాయి. ఇంట్లో అన్నింటికంటే చల్లగా, పొడిగా, చీకటిగా ఉండే గదిని ఎంచుకోండి. మీ అత్తగారి కాలంలో కాయలు ఎక్కడ కాసేవో, ఎక్కడ దాచేవారో ఆవిడను అడిగి చూడండి. పాదును పూరిపాక కప్పు మీదికి ఎక్కించి ఉంటే, కాయ పుట్టిన నాటి నుంచి తాటాకు మీద గాలికీ ఎండకూ ఆరుతూనే ముదిరి ఉంటుంది. కోసినవాటిని దూలానికి ఉట్టిలో వేలాడదీసి ఉంటే, అడుగున చెమ్మ చేరే ప్రసక్తే లేదు. క్యూరింగ్ అనే మాట తెలియకుండానే ఆ పని జరిగిపోయేది.

మిగిలిన ఐదు కాయలను ఈరోజే ఒకసారి తిరగేసి చూడండి. గోరు దిగేవాటిని, తొడిమ కదిలేవాటిని, సూదిమొనతో గుచ్చినట్టు రంధ్రం ఉండి దాని చుట్టూ జిగురు గడ్డకట్టినవాటిని వేరు చేయండి. ఆ రంధ్రం పండు ఈగ పిందె దశలో గుడ్డు పెట్టిన గుర్తు కావచ్చు, లోపల పురుగు ఉండవచ్చు. వీటిని ముందు కోసి చూసి వాడుకోండి, తక్కినవి కుదుర్ల మీదికి ఎక్కించండి. వచ్చే ఏడాది మాత్రం ముదిరినవాటిని ముదిరినట్టు రెండు మూడు కోతలుగా కోయించండి. కార్తీక మార్గశిరాల్లో తుఫాను హెచ్చరిక వస్తే అప్పుడొక్కటే ఈ నియమానికి మినహాయింపు: గోరు దిగని కాయలన్నింటినీ వాన రాకముందే కోసి లోపల పెట్టుకోవాలి, ఎందుకంటే రెండు రోజులు నీట నానిన కాయను ఏ వసారా కాపాడలేదు.

ప్రశ్న: హైదరాబాదులో మిద్దె మీద పెద్ద గ్రో బ్యాగుల్లో అర్క చందన్ రకం గుమ్మడి వేశాను. ఆకులకు బూడిద తెగులు వచ్చి తీగలు ముందే ఎండిపోయాయి. ఆరు కాయల్లో రెండు గోధుమ రంగుకు తిరిగాయి, మూడు సగం సగంగా ఉన్నాయి, ఒకటి పూర్తిగా పచ్చగా ఉంది. మామిడికాయల్లా గడ్డిలో మగ్గబెడితే ఇవి పండుతాయా?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: మామిడికీ గుమ్మడికీ ఈ విషయంలో పోలిక లేదు. మామిడిలో పక్వానికి వచ్చిన కాయ కోసిన తర్వాత ఇథిలీన్ వాయువు ప్రభావంతో పండుతుంది. గుమ్మడికి అటువంటి మగ్గుదల లేదు. దాని ముదురు తీగ మీదే పూర్తి కావాలి. పైగా పండుతున్న అరటి, మామిడి, ఆపిల్ పండ్ల పక్కన గుమ్మడిని ఉంచితే వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వల్ల తొడిమ ఊడే ప్రమాదం ఉంది. కాబట్టి మగ్గబెట్టే ఆలోచన మానుకోండి.

అయితే రంగు తిరగడం మొదలైన కాయల సంగతి వేరు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ రూపొందించిన అర్క చందన్ కాయలు మామూలుగా రెండు మూడు కిలోలు తూగి, ముదిరినప్పుడు లేత గోధుమ రంగు తొక్క మీద మీగడ రంగు మచ్చలతో కనిపిస్తాయి. మీ సగం సగం కాయల్లో తొక్కకు గోరు దిగకపోతే, వాటిని వెచ్చగా, గాలి ఆడే చోట రెండు వారాలు ఉంచండి. పచ్చదనం చాలావరకు పోయి రంగు తిరుగుతుంది. తీపి మాత్రం అవి తీగ మీద ఎంత పిండిపదార్థం కూడబెట్టుకున్నాయో దాన్నిబట్టే ఉంటుంది. కోత తర్వాత గుమ్మడిలో జరిగేది అదే: కండలోని పిండి నెమ్మదిగా చక్కెరగా మారుతుంది, పసుపు రంగునిచ్చే కెరోటినాయిడ్లు కూడా కొంత పెరుగుతాయి. అందువల్లే బాగా ముదిరిన కాయను కోసిన రోజు వండిన పులుసు కంటే, నెల రోజులు ఆగి వండిన పులుసుకు బెల్లం తక్కువ పడుతుంది. కూడబెట్టనిదాన్ని కాయ మార్చలేదు కదా. తెగులు వచ్చి ఆకులు పోయిన పాదు కాయలు చప్పగా ఉండడానికి కారణం ఇదే.

రెండు గోధుమ రంగు కాయలను దాచుకోండి. మూడింటిని నెల లోపల వాడుకోండి. పూర్తిగా పచ్చగా ఉన్నదాన్ని ఈ వారమే సొరకాయలా పప్పులోనో, పాలు పోసి కూరగానో వండుకోండి. లేత గుమ్మడి కూర రుచి తెలిసినవారు దాన్ని నష్టంగా భావించరు. మిద్దె మీద సిమెంటు పగలు కాగి రాత్రి చల్లబడుతుంది కాబట్టి, కాయలను అక్కడ వదిలేయకుండా మెట్ల కింద చెక్కబల్ల మీదికి చేర్చండి.

ప్రశ్న: మేము అమెరికాలోని మిన్నెసోటాలో ఉంటున్నాం. పెరట్లో బటర్‌నట్, ఏకార్న్, హాలోవీన్ అనే మూడు రకాల గుమ్మడీ వేశాం. అక్టోబరు మొదట్లో తొలి ఫ్రాస్ట్ (ఆకుల మీద గడ్డకట్టే మంచు) వచ్చేటప్పటికి బటర్‌నట్ కాయలు కొన్ని ఇంకా లేత ఆకుపచ్చ గీతలతోనే ఉంటున్నాయి. మంచు పడ్డాక కోయవచ్చా? బేస్‌మెంట్‌లో ఎంతకాలం ఉంటాయి?
– ఒక పాఠకుడు

జవాబు: మీ సమస్య తణుకు వారి సమస్యకు తిరగేసిన రూపం. అక్కడ వెచ్చదనం ఉచితం, చల్లటి నిల్వ దొరకదు. మీకు నిల్వకు తగిన చల్లదనం ఇంట్లోనే ఉంది, ఆరబెట్టడానికి వెచ్చదనమే తెచ్చుకోవాలి.

తేలికపాటి ఫ్రాస్ట్ ఆకులను మాడ్చినా ముదిరిన కాయను చెరపదు. గట్టిగా గడ్డకట్టే రాత్రి మాత్రం కాయను చెరుపుతుంది. తొక్క కింద కండ గడ్డకట్టి కరిగిన చోట నీరుబట్టి, అక్కడి నుంచే కుళ్లు పాకుతుంది. ఇంతకంటే మోసకరమైన సంగతి మరొకటి ఉంది. గుమ్మడి జాతులకు 10 డిగ్రీల సెల్సియస్, అంటే 50 ఫారెన్‌హీట్ కంటే చల్లటి వాతావరణం పడదు. అటువంటి రాత్రులు వరుసగా గడిచిన కొద్దీ ఆ నష్టం లోలోపల పేరుకుని, నిల్వ చేసిన కొన్ని వారాలకు తొక్క మీద గుంటలుగా బయటపడుతుంది. కాబట్టి తొలి ఫ్రాస్ట్ కోసం ఎదురుచూడకుండా, చలి రాత్రులు వరుసగా మొదలు కాగానే ముదిరిన కాయలను కోయడం మంచిది.

కోసిన బటర్‌నట్, హాలోవీన్ కాయలను ఇంట్లో ఫర్నేస్ ఉన్న గదిలో గానీ, చిన్న హీటర్ పెట్టిన గదిలో గానీ 80 నుంచి 85 ఫారెన్‌హీట్ వేడిలో 10 రోజులు ఉంచండి. ఏకార్న్‌ను మాత్రం ఇలా వేడిలో ఉంచకూడదు. దాని రుచి, నిల్వగుణం రెండూ దెబ్బతింటాయి. దాన్ని నేరుగా చల్లటి చోట పెట్టి ముందుగా తినేయండి. తర్వాత అన్నింటికీ 50 నుంచి 55 ఫారెన్‌హీట్ మధ్య, తేమ 50 నుంచి 70 శాతం ఉండే బేస్‌మెంట్ మూల సరిపోతుంది. ఆ పరిస్థితుల్లో ఏకార్న్ ఐదు నుంచి ఎనిమిది వారాలు, బటర్‌నట్, హాలోవీన్ గుమ్మడి రెండు మూడు నెలలు నిలుస్తాయి. గరాజ్ వద్దు, డిసెంబరులో అక్కడ నీళ్లే గడ్డకడతాయి. పచ్చగీతలు పోని బటర్‌నట్‌లను దాచకుండా ముందు వండుకోండి.

దప్పళానికి ఏది బాగుంటుందని మీరు చివర్లో అడిగారు. సందేహం లేకుండా బటర్‌నట్. మన తీపి గుమ్మడిదీ దానిదీ ఒకే వృక్షజాతి, కుకుర్బిటా మాస్కాటా. తొక్క తీరు, కండ రంగు, ఉడికినప్పటి వాసన అన్నీ దగ్గరగా ఉంటాయి. హాలోవీన్ కాయ వేరే జాతిది, ముఖం చెక్కడానికి ఎంచి పెంచిన రకం. పులుసులో వేస్తే పీచు, నీరు తప్ప ఇంకేమీ మిగలదు. వచ్చే వేసవిలో జూలై చివరి తర్వాత నిలిచిన పిందెలను తుంచివేస్తే, ముందు నిలిచిన కాయలకు బలం దక్కి సమయానికి ముదురుతాయి.

ప్రశ్న: బూడిద గుమ్మడికాయ మీది బూడిదను తుడిచి దాచాలా, అలాగే ఉంచాలా? వడియాల కోసం మాఘ ఫాల్గుణాల దాకా ఉంచాలనుకుంటున్నాం.
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: అలాగే ఉంచండి. అది మైనపు పొర. కాయ ముదిరే కొద్దీ దట్టమవుతుంది, నీరు లోపలి నుంచి ఆవిరి కాకుండా, బయటి చెమ్మ అంటకుండా కాపాడుతుంది. మీద నూగు పోయి, చేయి తగిలితే అరచేతికి తెల్లగా అంటుకునే కాయే నిల్వకు తగినది. అందువల్ల కాయను పదేపదే చేతిలోకి తీసుకోకండి. కోసిన రోజు కుదురు మీద కూర్చోబెట్టి, పరిశీలించేటప్పుడు కళ్లతో చూసి, ముక్కుతో వాసన చూసి వదిలేయండి. దీనికి వేరే ఆరబెట్టే తతంగం అక్కరలేదు. బాగా ముదిరిన కాయ నీడలో నెలల తరబడి నిలుస్తుంది కాబట్టి, వడియాలకు ఎండ ముదిరేదాకా మీరు నిశ్చింతగా ఆగవచ్చు. మన తీపి గుమ్మడికంటే దీని నిల్వగుణం ఒక మెట్టు పైదే.

ప్రశ్న: ఊరి నుంచి ఎనిమిది కిలోల గుమ్మడిపండు వచ్చింది. మేము ఇద్దరమే. అపార్ట్‌మెంట్‌లో చల్లటి గది లేదు. కాయను అలాగే ఫ్రిజ్‌లో పెట్టవచ్చా? కోస్తే ఎన్నాళ్లుంటుంది?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: కోయని కాయను ఫ్రిజ్‌లో పెట్టకూడదు. ఫ్రిజ్ లోపల నాలుగైదు డిగ్రీలే ఉంటాయి; మిన్నెసోటా వారికి చెప్పిన చలిదెబ్బ మీ వంటింట్లోనే తగులుతుంది. ఎండ పడని గదిలో, మంచం కింద కూడా సరే, మడతపెట్టిన గోనె మీద ఉంచండి. మాఘం వెళ్లేదాకా భయం లేదు. ఎండలు ముదిరితే మాత్రం కాయ శ్వాసవేగం పెరిగి, బరువు తగ్గి, కండ పీచుబారుతుంది. ఒక్కొక్కప్పుడు కోసేసరికి లోపల గింజలు మొలకెత్తి కనిపిస్తాయి. కండ గట్టిగా, మంచి వాసనతో ఉంటే మొలకలు తీసేసి వండుకోవచ్చు. చిన్న ముక్క నాలుక మీద పెట్టినప్పుడు చేదుగా ఉంటే మాత్రం ఒక్క ముద్ద కూడా తినకుండా పారవేయాలి, ఆ చేదు కలిగించే పదార్థం వాంతులూ విరేచనాలూ తెప్పిస్తుంది.

కోసిన తర్వాత గింజలూ వాటిని పట్టుకుని ఉండే పీచూ ముందు తీసివేయాలి, బూజు మొదలయ్యేది అక్కడే. మిగిలిన బద్దలను తొక్కతోనే తడి లేకుండా మూసిన డబ్బాలో పెడితే ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు బాగుంటాయి. అంతకు మించి కావాలంటే, ముక్కలను ఉడికించి, మెదిపి, చిన్న డబ్బాల్లో డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకోండి. హల్వాకూ, బూరెల పూర్ణానికీ కొన్ని నెలల పాటు అక్కరకు వస్తుంది. అయినా ఎనిమిది కిలోల కాయ ఇద్దరి కోసం కాసింది కాదు. కోసిన పూటే మీ అంతస్తులోని నాలుగు ఇళ్లకూ తలొక బద్ద పంపండి.